కోనసీమ ఇంట్లో బాల్ పైథాన్: వేడి, తేమ, బాధ్యత

పామును పెంచుతున్నామని తెలిసినవాళ్లు మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న అది కరుస్తుందా అని, రెండవది అది ఏం తింటుందని. అది ఉండే చోట ఎంత వేడి ఉండాలి, గాలిలో ఎంత తేమ ఉండాలి అని అడిగేవారు చాలా అరుదు. నిజానికి ఇంట్లో పామును చూసుకోవడంలో ముప్పాతిక వంతు పని ఆ రెండింటినీ కనిపెట్టుకుని ఉండటమే. పాము తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు. తిన్నది అరగాలన్నా, రోగాన్ని తట్టుకోవాలన్నా, పాత చర్మం సరిగా ఊడిరావాలన్నా బయటి నుంచి అందే వేడి మీదే అది ఆధారపడుతుంది. స్వేచ్ఛగా తిరిగే పాము ఎండలోకీ నీడలోకీ బొరియలోకీ కదులుతూ తనకు కావలసినది తానే వెతుక్కుంటుంది. నాలుగు అడుగుల పెట్టెలో ఉంచినప్పుడు ఆ ఎండనూ, ఆ నీడనూ, ఆ బొరియనూ మనమే అమర్చాలి. ఆ అమరిక గురించి దొరికే సలహాల్లో ఎక్కువ భాగం చలిదేశాలవారు తమ ఇళ్ల కోసం రాసుకున్నవి. వాళ్లకు గదిని వెచ్చబెట్టడం కష్టం, గోదావరి డెల్టాలో మాకు చల్లగా, పొడిగా ఉంచడం కష్టం. ఆ తేడా తెలిసినవారు మరొకరికి చెప్పాలన్న ఉద్దేశంతో ఇది రాస్తున్నాను.

మాది అమలాపురం దగ్గర ఒక పల్లెలో పాత మండువా లోగిలి. మా దగ్గరున్నది బాల్ పైథాన్ అనే ఆఫ్రికా జాతి పాము. శాస్త్రజ్ఞులు దానిని పైథాన్ రీజియస్ అంటారు. పశ్చిమాన సెనెగల్ నుంచి తూర్పున ఉగాండా వరకు ఉన్న గడ్డి మైదానాలూ పొదలూ దాని స్వస్థలం. అక్కడ అది పగలంతా ఎలుకల బొరియల్లోనో చెదపుట్టల్లోనో దాగి ఉండి, చీకటి పడ్డాక వేటకు బయలుదేరుతుంది. దానికి విషం లేదు. దొరికిన ఎలుకను చుట్టి నొక్కి చంపి, తల వైపు నుంచి మింగుతుంది. పై పెదవి అంచున ఉండే చిన్న గుంటలతో చీకట్లో కూడా వెచ్చని ప్రాణిని గుర్తుపడుతుంది. పెద్దదయ్యాక మూడు నుంచి అయిదు అడుగుల పొడవు ఉంటుంది. ఆడపాము మగదాని కంటే పెద్దది. మాది మగపాము, తూకం 1,400 గ్రాములకు కాస్త అటూ ఇటూ. బెంగళూరులో ఉద్యోగం చేసే రోజుల్లో మా తమ్ముడు దానిని పెంచాడు. విదేశంలో పని దొరికి వెళ్లేటప్పుడు, మావారూ మా అత్తగారూ మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాకే, దానిని మాకు అప్పగించాడు.

ఇక్కడే చట్టం సంగతి చెప్పడం అవసరం. మన దేశంలో సహజంగా తిరిగే ఏ పామునైనా పట్టి ఇంట్లో ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. నాగుపాము అయినా, చేలగట్ల మీద ఎలుకలు పట్టే జెర్రిపోతు అయినా, కొండచిలువ పిల్ల అయినా అంతే. ‘విషం లేనిదే కదా, రెండు రోజులు ఉంచుకుని వదిలేస్తాం’ అనే మాటకు చట్టంలో చోటు లేదు, ఉండకూడదని నా నమ్మకం. విదేశీ జాతుల విషయం వేరు. 2022లో చట్టాన్ని సవరించి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చినప్పుడు, అంతర్జాతీయ వ్యాపారంపై నియంత్రణ ఉన్న జాతులను చట్టంలోని నాలుగవ షెడ్యూలులో చేర్చారు. బాల్ పైథాన్ అందులో ఉంది. వాటిని పెంచేవారు వివరాలు నమోదు చేయించుకోవాలని 2024లో కేంద్ర ప్రభుత్వం నియమాలు ప్రకటించింది. పరివేష్ 2.0 అనే ప్రభుత్వ వెబ్‌సైటు ద్వారా రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి దరఖాస్తు చేసుకోవాలి. పాము చేతులు మారినా, గుడ్లు పెట్టి పిల్లలు చేసినా, చనిపోయినా తెలియజేయాలి. మా తమ్ముడి పేరున ఉన్న నమోదు పత్రం, మాకు అప్పగించినట్టు తెలిపిన పత్రం రెండూ మా ఇంటి పట్టా కాగితాలతో పాటు బీరువాలో ఉన్నాయి. పత్రం చూపించకుండా పామును అమ్మజూపే మనిషి ఎంత నమ్మకస్తుడిలా మాట్లాడినా అతని దగ్గర కొనవద్దని నా గట్టి సలహా. అలా అమ్మేవాటిలో అడవి నుంచి దొంగతనంగా పట్టుకొచ్చినవి ఉంటాయి, ఒంటినిండా పరాన్నజీవులతో వచ్చి కొద్ది నెలల్లో చనిపోయేవి కూడా ఉంటాయి.

పాము పెట్టెను ఇంట్లో ఏ గదిలో ఉంచాలన్నది మా ప్రాంతంలో అన్నిటికంటే ముందు తేల్చుకోవలసిన విషయం. మేము ఉత్తరం వైపు గదిని ఎంచుకున్నాం. పడమటి ఎండ ఆ గోడకు తగలదు, పెంకుల కింద చెక్క అటక ఉండటం వల్ల పైనుంచి వేడి నేరుగా దిగదు, మండువాలోంచి వచ్చే గాలి తలుపు సందు గుండా ఆ గదిలోకి చేరుతుంది. కొత్తగా కట్టే స్లాబు ఇళ్లలో మేడమీద గది ఎంత విశాలంగా ఉన్నా అందులో పామును ఉంచడం ప్రమాదం. మే నెలలో ఆ స్లాబు రాత్రి పది గంటలకు కూడా వేడిని దింపుతూనే ఉంటుంది. పెట్టె నాలుగు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు, రెండు అడుగుల ఎత్తు. ముందు వైపు జారుడు అద్దాలు, వాటికి తాళం, పక్కలకు సన్నని ఇనుప జల్లెడ అమర్చిన గాలిరంధ్రాలు ఉన్నాయి. ఒక చివర అడుగున వేడినిచ్చే హీటింగ్ ప్యాడ్, దానికి వేడి హద్దు దాటకుండా ఆపే థర్మోస్టాట్ అమర్చి ఉన్నాయి. వెచ్చని వైపు 31 నుంచి 33 డిగ్రీలు, చల్లని వైపు 25 నుంచి 27 డిగ్రీలు ఉండాలి. రెండు వైపులా ఒకే రకం గూడు పెట్టడం చాలా ముఖ్యం. గూడు ఒక్కటే ఉంటే, పాము తనకు కావలసిన వేడి, తనకు కావలసిన చాటు రెండింటిలో ఒకదానిని వదులుకోవలసి వస్తుంది, సాధారణంగా వేడినే వదులుకుంటుంది. మా ఊరి కుమ్మరి చేత మూతి ఒక పక్కకు కోయించిన మట్టికుండలు రెండు చేయించాం. లోపల ఒంటికి నాలుగు వైపులా గోడ తగిలేంత ఇరుకుగా ఉంటేనే అది నిశ్చింతగా ఉంటుంది. విశాలమైన గూడు పెట్టడం మనిషికి దయగా అనిపిస్తుంది గానీ పాముకు అది భయమే.

వేసవి మా అసలు పరీక్ష. థర్మోస్టాట్ వేడిని ఆపగలదు, చల్లదనాన్ని తేలేదు. రోహిణీ కార్తెలో పడమటి గాలి కొట్టే రోజుల్లో గదిలో ఉష్ణోగ్రతే 35 డిగ్రీలకు చేరుతుంది, అప్పుడు హీటింగ్ ప్యాడ్ పూర్తిగా ఆపేసినా పెట్టెలో చల్లని వైపు అంటూ ఏదీ మిగలదు. పాము తప్పించుకుపోవడానికి చోటు లేని వేడి దానిని గంటల్లో చంపగలదు. అందుకని ఏప్రిల్ మధ్య నుంచి మృగశిర దాటేవరకు మేము వేడినీ తేమనూ చూపించే మీటరును రోజుకు నాలుగైదు సార్లు చూస్తాం. మధ్యాహ్నం ఏసీని 27లో పెట్టి, గాలి నేరుగా పెట్టెకు తగలకుండా మళ్లిస్తాం. ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది కాబట్టి ఆ రోజుల్లో చల్లని వైపు కుండను బయటి నుంచి తడిపి పెడతాం. మట్టి నీటిని పీల్చుకుని మెల్లగా ఆవిరి చేస్తూ లోపలి వేడిని తగ్గిస్తుంది, తేమనూ నిలుపుతుంది. కరెంటు పోతే పెట్టె జల్లెడ మీద తడిగుడ్డ సగం మాత్రమే కప్పి, మిగతా సగం గాలికి వదులుతాం.

వానాకాలం వచ్చేసరికి కథ తిరగబడుతుంది. బాల్ పైథాన్‌కు గాలిలో 60 నుంచి 70 శాతం తేమ చాలు. సార్వా నాట్లు పడి, ఊరంతా నీళ్లలో నిలబడిన రోజుల్లో మా గదిలో మీటరు 85, 90 చూపిస్తుంది. పాముకు గాలిలోని తేమ కంటే ఒంటి కింది తడి ఎక్కువ హాని చేస్తుంది. పెట్టె అడుగున పరిచే పరుపు తడిసి అలాగే ఉంటే పొట్ట కింది పొలుసులు ఎర్రబడి, పొక్కులు లేచి, కుళ్లడం మొదలవుతుంది. గాలి ఆడక తేమ నిలిచిపోతే ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది. ముక్కు దగ్గర బుడగలు, ఊపిరి తీస్తున్నప్పుడు గురక లాంటి శబ్దం, నోరు తెరిచి తల పైకెత్తి ఉంచడం దాని లక్షణాలు. ఇవి కనిపిస్తే ఇంటి వైద్యం పనికిరాదు. ఆ నెలల్లో మేము గదిలో చిన్న ఫ్యానును రాత్రింబవళ్లు తక్కువ వేగంలో తిప్పుతాం, నీళ్ల తొట్టిని వెచ్చని వైపు నుంచి చల్లని వైపుకు మారుస్తాం, పరుపును పలుచగా వేసి తరచుగా మారుస్తాం.

పరుపు విషయంలో మాత్రం కోనసీమ మాకు వరం. విదేశాల్లో ఇటుకల్లా అచ్చుపోసి ఖరీదుగా అమ్మే కొబ్బరి పొట్టు ఇక్కడ పీచు తీసే ప్రతి షెడ్డు ముందూ గుట్టలుగా పడి ఉంటుంది. అయితే ఆ గుట్టలోంచి తెచ్చి నేరుగా వాడకూడదు. డొక్కలను ఉప్పునీటి కాలువల్లో నానబెట్టి ఉంటే పొట్టులో ఉప్పు ఉంటుంది. ఎరువుగా మార్చడానికి సిద్ధం చేసిన పొట్టులో యూరియా, పుట్టగొడుగుల శిలీంధ్రం కలిపి ఉంటారు. మేము ఎరువుకు పోని పచ్చి పొట్టును తెచ్చి, మంచినీళ్లలో రెండు మూడు సార్లు కడిగి, పిండి, చాపల మీద గలగలలాడేలా ఎండబెట్టి, జల్లించి, డబ్బాల్లో నిలవ చేసుకుంటాం. దాళ్వా కోతల ఎండలో ఏడాదికి సరిపడా ఎండబెట్టుకోవచ్చు. ఈ పని మా అత్తగారు తన ఇష్టంతో తీసుకున్నారు. వడియాలకు చూపించే శ్రద్ధ కంటే తక్కువ శ్రద్ధ ఆవిడ దీనికి చూపించగా నేను చూడలేదు.

నీళ్ల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. మేము తాగే నీళ్లే దానికీ పోస్తాం, సముద్రం వైపు శివారు ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి కాబట్టి అవి వద్దు. దోమల మందు గురించి మాత్రం తప్పక చెప్పాలి. మా ప్రాంతంలో దోమల చక్రమో, ప్లగ్గుకు పెట్టే ద్రవమో లేని పడకగది ఉండదు. వాటిలో ఉండే పైరెత్రాయిడ్ మందులు పాములకు హాని చేస్తాయి, ఎక్కువ మోతాదులో నరాల మీద పనిచేసి వణుకు, పట్టు తప్పడం తెప్పిస్తాయి. పాము ఉన్న గదిలోనూ పక్క గదిలోనూ మేము దోమతెరలు మాత్రమే వాడతాం. పంచాయతీ వారు పొగమందు కొట్టడానికి వచ్చే సాయంత్రం ఆ గది తలుపులు, కిటికీలు మూసి, తలుపు కింద తడిగుడ్డ పెడతాం. చీమలు పట్టకుండా పెట్టె కాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెట్టాం, చీమలమందు వాడలేదు.

ఇక ఆహారం. ప్రత్యేకంగా పెంచి, చంపి, గడ్డకట్టించిన తెల్ల ఎలుకలను తెప్పించి, వసారా చివర విడిగా పెట్టుకున్న చిన్న ఫ్రీజరులో నిలవ చేస్తాం. పామున్న లావుకు సమానమైన ఎలుక చాలు, మా పాముకు 70, 80 గ్రాములది రెండు మూడు వారాలకు ఒకటి సరిపోతుంది. ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలో పెట్టి మంచు విడిచాక, పెట్టే ముందు వేడినీళ్లలో ఉంచి ఒంటివేడి తెప్పించి, పొడవాటి పటకారుతో అందిస్తాం. చల్లగా ఉన్నదానిని బాల్ పైథాన్ తరచుగా ముట్టదు, ఎందుకంటే దాని పెదవి గుంటలకు అది ప్రాణిలా తోచదు. బతికున్న ఎలుకను పెట్టెలో వదలడం నాకు సమ్మతం కాదు. ఎలుకకు అది అనవసరమైన భయం, పాముకు ఆకలి లేకపోతే ఆ ఎలుకే పామును కొరికి లోతైన గాయాలు చేస్తుంది.

చేలల్లో ఎలుకలకు కొదవలేదు కదా, బుట్టలు పెట్టేవాళ్లను అడిగితే రోజూ ఇస్తారు కదా అని మా పాలేరు వెంకన్న మంచి మనసుతోనే అన్నాడు. ‘అమ్మగారూ, డబ్బులెట్టి కొనడమెందుకండీ, మన చేలోవే బోల్డన్ని ఉన్నాయండి’ అని అతని మాట. ఆ ఎలుకలను పెట్టకపోవడానికి కారణం ఉంది. వరిచేలల్లో ఎలుకలకు బ్రోమాడయోలోన్, జింకు ఫాస్ఫైడు ఎరలుగా పెడతారు. బ్రోమాడయోలోన్ తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు తిరుగుతూనే ఉండి, రక్తం గడ్డకట్టే గుణం పోయి చనిపోతుంది. ఆ రోజుల్లో బుట్టలో పడిన ఎలుక పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది. దానిని మింగిన పాముకు ఆ విషం చేరుతుంది. దీనికి తోడు పొలం ఎలుకల్లో పురుగులూ, మనుషులకు లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం తెప్పించే సూక్ష్మజీవులూ ఉంటాయి. ఇదంతా విన్నాక వెంకన్న, మరి చేలో తిరిగే జెర్రిపోతుల గతేమిటండీ అని అడిగాడు. ఆ ప్రశ్న నన్ను చాలాకాలం వెంటాడింది. తరువాతి దాళ్వాలో మా చేలో మందు ఎర మానేసి బుట్టలే పెట్టించడానికి అదే కారణం.

కార్తీకం నుంచి మాఘం దాకా మా పాము చాలా సార్లు ఆహారం ముట్టదు. ఈ జాతి మగపాముల్లో ఇది మామూలే, ఆరోగ్యంగా ఉన్నది నెలల తరబడి పస్తు ఉండగలదు. బలవంతంగా నోట్లో కుక్కకూడదు. తూకం రాసుకుంటూ ఉండాలి, పదో వంతు కంటే ఎక్కువ తగ్గితే వైద్యుడికి చూపించాలి. వంటింటి డిజిటల్ త్రాసు లాంటిదే దానికి వేరే ఒకటి ఉంచాం. తిన్న తరువాత రెండు రోజుల పాటు దానిని చేతికి తీసుకోకూడదు, కదిలిస్తే కక్కేస్తుంది. కక్కడం పాముకు చిన్న విషయం కాదు, జీర్ణరసాలు గొంతును కాలుస్తాయి.

కుబుసం విడిచే రోజులు పాము ఆరోగ్యాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తాయి. మొదట ఒంటి రంగు మసకబారుతుంది, పొట్ట కింద లేత గులాబి రంగు తేలుతుంది. తరువాత కళ్లు పాలు కలిపిన నీలంగా మారతాయి. పాత చర్మానికీ కొత్త చర్మానికీ మధ్య ద్రవం చేరడం వల్ల అలా కనిపిస్తుంది, పాముకు కనురెప్పలు లేవు కాబట్టి కంటిమీది పారదర్శకమైన పొర కూడా కుబుసంలో భాగమే. ఆ రోజుల్లో దానికి చూపు సరిగా ఆనదు, చిన్న కదలికకూ బెదురుతుంది. మేము ఆహారం పెట్టం, ముట్టుకోం, గదిలో అడుగుల చప్పుడు కూడా తగ్గిస్తాం. పాముకు చెవి బయటికి కనబడదు గానీ నేల గుండా వచ్చే అదురును దవడ ఎముకల ద్వారా బాగా పసిగడుతుంది. కొన్ని రోజులకు కళ్లు మళ్లీ తేటపడతాయి, కుబుసం ఇక పోయిందా అనిపిస్తుంది గానీ అప్పటికి ఇంకా విడవదు. ఆ తరువాత ఒక రాత్రి మూతిని కుండ అంచుకు రుద్ది, పెదవుల దగ్గర చర్మాన్ని చీల్చి, దిండుగలేబు తిరగేసి లాగినట్టు తోక కొస వరకు ఒకే ముక్కగా వదిలి బయటికి వస్తుంది. పొద్దున్నే మేము ఆ కుబుసాన్ని వెలుతురులో పరిచి, రెండు కంటిపొరలూ వచ్చాయో లేదో, తోక కొస మిగిలిందో లేదో చూస్తాం. ముక్కలు ముక్కలుగా ఊడితే గాలిలో తేమ చాలలేదని అర్థం. మా ప్రాంతంలో అది వడగాలి రోజుల్లోనూ ఏసీ గదుల్లోనూ మాత్రమే జరుగుతుంది. కంటిపొర మిగిలిపోతే గోటితో గానీ పటకారుతో గానీ లాగకూడదు, కన్ను పోతుంది. తడిగుడ్డ పరిచిన మూతడబ్బాలో కాసేపు ఉంచాలి, అప్పటికీ రాకపోతే వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లాలి.

పాము మనల్ని ప్రేమిస్తుందా అని అడిగే పిల్లలకు నేను ఉన్నమాటే చెబుతాను. కుక్కలా అది మన కోసం ఎదురుచూడదు. మన వాసనకు, మన చేతి వేడికి అలవాటుపడి, మనవల్ల ప్రమాదం లేదని నేర్చుకుంటుంది. నాలుకను ఆడిస్తూ గాలిలోని వాసన రేణువులను నోటి పైకప్పులోని జాకబ్సన్ అవయవానికి చేర్చి, చేయి ఎవరిదో తేల్చుకుని, నెమ్మదిగా మణికట్టు చుట్టూ పాకుతుంది. ఆ మాత్రం నమ్మకం సంపాదించడానికి చాలా ఓపిక పడుతుంది, నాకు ఆ ఓపికే ఇష్టం. పట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవడం మా ఇంట్లో తప్పనిసరి. ఆరోగ్యంగా ఉన్న పాము పేగుల్లో కూడా మనుషులకు జబ్బు చేసే సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. అయిదేళ్ల లోపు పిల్లలను మేము తాకనివ్వం, పెట్టె సామాన్లను వంటింటి తొట్టిలో కడగం.

పొరుగువారి సంగతి దీనికంటే బరువైనది. బాల్ పైథాన్ లావుపాటి ఒళ్లు, ముదురు గోధుమ రంగు మీద మచ్చలు, మెడ కంటే వెడల్పైన తల చూసిన మా ఊరివాళ్లకు వెంటనే గుర్తొచ్చేది రక్తపింజర. వరికోతల్లో పనల కింద చేయి పెట్టిన కూలీలను కాటేసేది అదే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుకపింజర అనే నాలుగూ మన దేశంలో ఎక్కువ మందిని చంపే పాములు. 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో దేశంలో ఏటా సగటున 58,000 మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసింది. ఇటువంటి చోట, అయినవాళ్లను పాముకాటుకు పోగొట్టుకున్న ఇళ్ల మధ్య, పామును ముద్దుగా పెంచుతున్నామంటే వారి మనసుకు ఎలా ఉంటుందో ఆలోచించడం మా బాధ్యత. పాము రాకముందే మేము నాలుగు వైపులా ఇళ్లకు వెళ్లి చెప్పాం, పత్రాలు చూపించాం, పెట్టె తాళం చూపించాం. పిల్లలకు ఒక్క మాట మళ్లీ మళ్లీ చెబుతాం: ఇది పెట్టెలో ఉన్నప్పుడే మా పాము, బయట కనిపించిన ఏ పామూ మాది కాదు, దాని దగ్గరకు వెళ్లకూడదు. బాల్ పైథాన్‌ను చూసి చూసి భయం పోయిన పిల్లవాడు గడ్డివాము పక్కన రక్తపింజర మీద చేయి వేయడం నేను ఊహించగలిగిన అతి ఘోరమైన పరిణామం. కాటు పడితే కట్టు బిగించకుండా, కోయకుండా, మంత్రం కోసం ఆగకుండా, కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108ని పిలిచి ప్రభుత్వాసుపత్రికి చేర్చాలని కూడా ఆ పిల్లలకే నేర్పాం. ఆ నాలుగు పాముల విషానికీ ఒకే విరుగుడు మందు పనిచేస్తుంది కాబట్టి కరిచిన పామును వెతికి చంపి పట్టుకెళ్లే పని లేదు.

నాగుల చవితికి వీధిలోని ఆడవాళ్లు పుట్టకు పాలు పోసి, చలిమిడీ చిమ్మిలీ నైవేద్యం పెట్టి వస్తూ, మా గుమ్మం దగ్గర ఆగి లోపలి పాముకు కూడా గ్లాసెడు పాలు ఇవ్వబోతారు. మా అత్తగారు బిక్కవోలు సుబ్రహ్మణ్యస్వామి భక్తురాలు. ఆవిడే వారికి ఎదురువెళ్లి, ‘దానికి పాలు అరగవమ్మా, మంచినీళ్లే దాని పాలు’ అని చెప్పి, ఆ పాలను వాకిట్లో ఆడుకునే పిల్లలకు పోస్తారు. పాము పాలు తాగే జంతువు కాదు. రోజుల తరబడి నీళ్లివ్వకుండా ఉంచితేనే దాహం కొద్దీ మూతి పెడుతుంది. పండగ ముందు బుట్టల్లో తిప్పే పాములను అలా ఎండబెట్టి, కోరలు పీకి తెస్తారు. వాటిలో చాలా వరకు నోటి పుండ్లతో, నిమోనియాతో చచ్చిపోతాయి. భక్తి ఉన్నవారు ఆ బుట్టలకు డబ్బు వేయకపోవడమే నాగదేవతకు చేసే సేవ అని మా అత్తగారు చెప్పినప్పుడు, నా మాట కంటే ఆవిడ మాటకు ఎక్కువ బలం ఉంటుంది.

తుఫానులూ వరదలూ మా లెక్కలో ఎప్పుడూ ఉండాలి. 1996 నవంబరు 6న కాకినాడకు దిగువన తీరం దాటిన తుఫాను కోనసీమ కొబ్బరితోటలను ఎలా నేలమట్టం చేసిందో, ఊళ్లు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నాయో మా మావయ్యగారు ఇప్పటికీ చెబుతారు. తుఫాను హెచ్చరిక వచ్చిన వెంటనే మేము చేసే మొదటి పని పాముకు ఆహారం ఆపడం. కరెంటు పోయి వేడి అందకపోతే కడుపులోని ఎలుక అరగక కుళ్లుతుంది. ఖాళీ కడుపుతో ఉన్న పాము 24, 25 డిగ్రీల చల్లదనంలో నాలుగు రోజులు హాయిగా గడుపుతుంది. ఇన్వర్టర్ ఉన్నా దాని మీద హీటింగ్ ప్యాడ్ నడపడం కంటే ఈ పద్ధతే నమ్మకమైనది. వరద వేరే రకం. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాలు మునిగి జనం ఏటిగట్ల మీదికి చేరారు. అక్కడ నీటిమట్టం 17.75 అడుగులకు చేరితే ఇచ్చే మూడవ హెచ్చరిక దాకా మేము ఆగం. రెండవ హెచ్చరికకే పామును దళసరి నూలు సంచిలో పెట్టి, మూతి కట్టి, మూతకు రంధ్రాలు చేసిన ప్లాస్టిక్ బకెట్టులో ఉంచి, పత్రాల నకలుతో సహా గట్టుకు దూరంగా ఉన్న బంధువుల ఇంటికి చేరుస్తాం. బకెట్టు మీద పెద్ద అక్షరాలతో విషం లేని పాము, తెరవవద్దు అని రాసి ఉంటుంది.

వరదలో అది తప్పించుకుపోతే ఏమవుతుందన్నది మాకు మరొక భయం. అమెరికాలోని ఫ్లోరిడాలో పెంపకందారుల నుంచి బయటపడిన బర్మా కొండచిలువలు ఎవర్‌గ్లేడ్స్ చిత్తడినేలల్లో స్థిరపడి, సంతతి పెంచుకున్నాయి. 2012లో వెలువడిన అధ్యయనంలో, అవి ఎక్కువ కాలంగా ఉన్న భాగాల్లో అక్కడి చిన్న అడవి జంతువుల్లో రకూన్లు కనిపించడం 99.3 శాతం, ఒపోసమ్‌లు కనిపించడం 98.9 శాతం తగ్గిపోయినట్టు తేలింది. బాల్ పైథాన్ అంత పెద్దది కాదు, దాని ఆహారమూ వేరు. అయినా వెచ్చగా, తడిగా, ఎలుకలతో నిండి ఉన్న మా డెల్టాలో, అటు కోరంగి మడ అడవుల వరకు, పరాయి పామును వదలడం క్షమించరాని పని. పెంచలేక విసిగిపోయి ‘పాపం, స్వేచ్ఛగా బతకనీ’ అని కాలువగట్టున వదిలేవారు దయ చూపించడం లేదు. దానిని చూసినవాడు కర్రతో కొడతాడు, లేకపోతే అది తెచ్చిన పురుగులూ రోగాలూ ఇక్కడి పాములకు అంటుకుంటాయి. అద్దాలకు తాళం, గది కిటికీలకు సన్న జల్లెడ, తలుపు కింద సందు లేకుండా రబ్బరు పట్టీ ఉండటం అందుకే.

వైద్యం దొరకడం మా ప్రాంతంలో అన్నిటికంటే కష్టం. మా చుట్టుపక్కల పశువుల డాక్టర్లు గేదెలకూ ఆవులకూ చేయి తిరిగినవారు, వారిని పాముకు మందు రాయమని అడగడం న్యాయం కాదు. పెద్ద నగరంలో సరీసృపాలను చూసే వైద్యుడు ఎవరో, వారి దగ్గరకు ఎన్ని గంటల ప్రయాణమో పామును తెచ్చుకోకముందే తెలుసుకోవాలి. ఫోనులో ఫోటోలు చూసి సలహా ఇవ్వడానికి వారు ఒప్పుకుంటారో లేదో కూడా అడగాలి. ఒంటి మీద కదిలే నల్లని చుక్కల్లాంటి పేలు, నోటి చుట్టూ వాపు, బుడగలు, వంకరపోయే మెడ, ఇవి కనిపించిన రోజున వెతుకులాట మొదలుపెడితే చాలా ఆలస్యమైనట్టే.

వయసు గురించి కూడా ముందే ఆలోచించాలి. బాల్ పైథాన్ బాగా చూసుకుంటే 20 నుంచి 30 ఏళ్లు బతుకుతుంది. అమెరికాలో సెయింట్ లూయిస్ జూలోని ఒక ఆడపాము 60 ఏళ్లు దాటాక, రెండు దశాబ్దాలుగా మగపాము పొత్తు లేకుండానే, 2020లో ఏడు గుడ్లు పెట్టింది. మా పాము మా అత్తగారి తరువాత, బహుశా మా తరువాత కూడా ఉంటుంది. అందుకని మా తమ్ముడి కూతురు సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ అమ్మాయికి తూకం వేయడం, మీటరు చదవడం, పొట్టు కడిగి ఎండబెట్టడం నేర్పుతున్నాం. ఆ అమ్మాయికి పద్దెనిమిదేళ్లు నిండాక, తనకు ఇష్టమైతేనే, చేతులు మారుతున్నట్టు తెలియజేసి ఆమె పేరున నమోదు చేయిస్తాం. ఇష్టం లేకపోతే పత్రాలతో సహా తీసుకోగల అనుభవజ్ఞుడైన పెంపకందారు ఎవరో ఇప్పటి నుంచే విచారిస్తున్నాం.